అడుగు మెట్టు

"తాతా, ఆ చెయ్యి పైకి తియ్!"

ఎటెల్కా అరుపుకు స్నానశాల గుమ్మటం కింద కబుర్లన్నీ ఆగిపోయాయి.

ఎనిమిది మూలల కొలనులో, మెడదాకా వేడినీళ్ళలో కూర్చున్న ముసలాయన నెమ్మదిగా చెయ్యి తీశాడు. గుప్పిట్లో జిడ్డోడుతున్న నార.

"ఏంటది?"

"జనపనార తల్లీ. పందికొవ్వులో నానబెట్టాను."

పక్కనున్నవాళ్ళు ఛీ ఛీ అంటూ గట్టెక్కారు.

ఎటెల్కా ఆ స్నానశాలలో చేరి మూడేళ్ళే అయినా అక్కడ ఆమె మాటే మాట. గదుల తాళాలు, తువ్వాళ్ళు, కొలను శుభ్రం అన్నీ ఆమె చేతిమీదే. తుర్కులు కట్టిపోయిన ఆ నాలుగువందల ఏళ్ళ కట్టడాన్ని సొంత ఇంటికన్నా ఎక్కువగా చూసుకునేది. మర్నాడే ఆరోగ్యశాఖ తనిఖీ. నీళ్ళు మురికిగా ఉంటే తలుపులు మూయిస్తామని ముందే హెచ్చరించారు.

"రేపు తనిఖీ పెట్టుకుని కొలనులో సూపు కాస్తున్నావా?"

"అడుగు మెట్టు రాళ్ళ సందుల్లో కూరుతున్నానమ్మా. అక్కడ..."

"సందులకి సిమెంటు ఉంది. నీకెందుకా గోల?"

"సిమెంటుకి ఈ నీళ్ళు పడవు."

"నాకు నువ్వు పడవు. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు!"

అందరూ నవ్వారు. ముసలాయన నారని గుప్పిట్లో దాచుకున్నాడు. మెట్లు ఒక్కొక్కటీ పట్టుకుని ఎక్కి వెళ్ళిపోయాడు.

తనిఖీ సజావుగా జరిగిపోయింది. ఎటెల్కా ఊపిరి పీల్చుకుంది.

మూడో వారానికి కొలను నీరు జానెడు తగ్గింది. నాలుగో వారానికి ఓ స్తంభం మొదట్లో చెమ్మ.

ఇంజనీరు కల్మాన్ వచ్చి కొలను ఖాళీ చేయించాడు. అడుగు మెట్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని సందులోంచి నారపోగు లాగాడు. దాని కింద ఇంకో పొర, ఆ కింద ఇంకోటి.

"సిమెంటు ఎప్పుడో ఊడిపోయిందమ్మా. ఇన్నాళ్ళూ నీళ్ళు ఆపింది ఇదే. పాతకాలం పద్ధతి. వేడికి రాయి కదిలితే ఇదీ దాంతోపాటు కదులుతుంది. ఎవరు చేశారు?"

ఎటెల్కా ఆ నారపోగు చేతిలోకి తీసుకుంది.

"ఓ ముసలాయన. ఆయన చెయ్యకపోతే ఏమయ్యేది?"

కల్మాన్ తలెత్తి చూశాడు.

"ఎనిమిది స్తంభాల మీద ఉంది గుమ్మటం. పునాదిలోకి ఇన్నేళ్ళూ నీళ్ళు దిగుంటే ఈపాటికి కూలేది. ఆయన్ని పిలిపించండి. నాకీ పని రాదు."

పిలిపిద్దామంటే పేరు కూడా తెలియదు. మూడేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి. ఎటెల్కాకి తన మీద తనకే అసహ్యం వేసింది.

వాళ్ళనీ వీళ్ళనీ అడిగితే లోరింట్స్ తాత అన్నారు. వంతెన అవతల సందులో ఇల్లు చూపించారు.

నల్లబట్టల్లో ఉన్న ఆయన కూతురు తలుపు తీసింది.

"నాన్నగారున్నారా? ఆయన్ని క్షమించమని అడగాలి. మళ్ళీ స్నానశాలకి రమ్మని..."

"పోయిన మంగళవారమే మట్టి చేశామండీ."

ఎటెల్కా గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఆ నార పని ఆయనకెలా వచ్చిందండీ?"

"ముప్పై ఏళ్ళు అక్కడ రాతిమేస్త్రీ కదండీ. సిమెంటు వచ్చింది, ఇక నువ్వక్కర్లేదని పదేళ్ళ కిందట ఇంటికి పంపించేశారు," అంది కూతురు. "ఆ మర్నాటి నుంచీ స్నానానికి టికెట్టు కొనుక్కుని పనికెళ్ళేవాడు."