అడుగు కలిసింది

"మిషను అక్కర్లేదంట." గుండె డాక్టరు గదిలోంచి బయటికొచ్చిన మౌలాలి, భార్య ఖాజాబీతో అన్నాడు. "గుండెలో రెండు పక్కలూ కలవకుండా కొట్టుకునేవాళ్ళకే అది పెడతారంట. నాకు కలిసే కొట్టుకుంటాండాయంట."

ఖాజాబీ మొహం విప్పారింది. తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా బండకు చెరో కొసా పట్టి మోసినవాళ్ళు ఇద్దరూ. అడుగు కలవకపోతే బండ విరుగుతుంది. కలిస్తే భయం లేదు.

"నేను చెప్పలా, నీకేం గాదని."

బస్సుకు వేళవుతోందని ఇద్దరూ అలవాటుగా సంచిని చెరోవైపూ పట్టి ఎత్తారు. అడుగులు కలిసే పడ్డాయి. పది అడుగులకే అతను రొప్పుతూ గోడకు ఆనుకున్నాడు. సంచి మాత్రం వదల్లేదు.

ఖాజాబీ అతని చేతినే చూస్తూ నిలబడింది.

"అడుగు కలిసినా బండ లేయకపోతే, మోసేవాళ్ళకు సత్తువ లేదని గదా," అంది మెల్లగా. "డాక్టరమ్మ చెప్పింది అదేనా?"

అతను తల దించుకున్నాడు. "దానికి మిషను లేదంట మే."

ఆమె అతని వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, సంచి తన భుజానికి వేసుకుంది.

"నేను మోస్తాలే. నువ్వు అడుగు మాత్రం కలుపు."