నలభై ఒక్క రోజుల తప్పులు

"అడ్డం తొమ్మిది. ధాన్యం దాచే చోటు, మూడక్షరాలు," అన్నాడు నరసింగరావు. "పాతర."

తులసమ్మ పేజీ కింది మూల అచ్చేసిన జవాబులు చూసింది. ఎర్ర కలంతో ఆ మూడు గళ్ళూ కొట్టేసింది.

"తప్పు."

"అయితే గరిసె."

"అదీ కాదు."

నరసింగరావు కళ్ళజోడు తీసి భార్య మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, "అలాగే," అన్నాడు.

ఆ మాటకే తులసమ్మ గుండెలో రాయి పడింది. భిలాయి ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. పెద్ద పెద్ద ఇంజనీర్లతో వాదించి నెగ్గినవాడు. పూర్వం ఒక్క గడి తప్పని దిద్దితే నిఘంటువు తెచ్చి ఆవిడ ముందు పడేసేవాడు. "ఇది నీ కొట్లో తూకం అనుకున్నావేటే? తెలుగు!" అని ఎగతాళి చేసేవాడు. ఆ పోట్లాట ఇప్పుడేదీ?

సెక్టర్ 7 మార్కెట్లో పచ్చళ్ళ కొట్టు ఆవిడది. జాడీలో ఊరగాయ పాడయ్యేముందు రంగు మారదు. పైన తేలే నూనె తగ్గుతుంది. చూసే కన్నుంటే ఆ రోజే తెలుస్తుంది. ఈయన విషయంలో నూనె ఎప్పుడు తగ్గిందో కూడా ఆవిడ చెప్పగలదు. దసరా వెళ్ళిన వారం.

విశాఖపట్నం నుంచి రైల్లో దుర్గ్ వచ్చి, అక్కణ్ణుంచి వీళ్ళ క్వార్టరు చేరేసరికి తెలుగు పేపరుకి ఒక రోజు వయసొస్తుంది. అయినా అందులో గళ్ళనుడికట్టు ఇద్దరికీ వేడి వేడి ఫలహారమే. రోజుకో విషయం మీద ఉంటుంది. ఒకనాడు పంటలు, ఒకనాడు నగలు, ఇంకోనాడు చుట్టరికాలు. ఆయన నింపడం, మర్నాటి పేపరొచ్చాక ఆవిడ దిద్దడం. ముప్ఫై ఏళ్ళుగా అదే పద్ధతి. నెలకి రెండు తప్పులొస్తే ఎక్కువ.

ఇప్పుడు పేజీ అంతా ఎరుపే.

ఇంట్లో మిగతా వ్యవహారమూ అలాగే ఉంది. అగ్గిపెట్టె బియ్యం డబ్బాలో దొరికింది. ఎవరు పెట్టారంటే ఆయన దాన్ని తీసి పొయ్యి పక్కన పెట్టేశాడు. పొయ్యి మీద ఏమీ లేకపోయినా లేచి వెళ్ళి సిలిండరు కట్టేసి వస్తాడు. చిన్న చిన్న చీటీల మీద ఇంటి నంబరు, కూతురి ఫోను నంబరు రాసుకుంటున్నాడు. ఇల్లు మరిచిపోతానని భయం కాబోలు. అలాంటి చీటీ ఒకటి ఆవిడ చేతిసంచిలో కూడా కనిపించింది. ఏది ఎక్కడ పెడుతున్నాడో కూడా తెలియడం లేదన్నమాట.

మొన్న కొట్టు నుంచి వస్తుంటే వీధి మొగలో ఎదురయ్యాడు. కాళ్ళకి చెప్పుల్లేవు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఎక్కడికెల్లిపోనావే?" అంటూ చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టుకి కాదేటండీ? రోజూ వెళ్ళేదే కదా, అదీ మరిచిపోయారా?"

ఇల్లు చేరేదాకా ఆయన ఆ చెయ్యి వదల్లేదు.

ఆ సాయంత్రమే తులసమ్మ రాయ్‌పూర్లో ఉన్న కూతురికి ఫోను చేసింది. కృష్ణప్రియ భిలాయిలో పుట్టి పెరిగింది. హిందీ కలిపి తెలుగు మాట్లాడుతుంది గాని, తెలుగు చదవడం రాదు.

"నాన్న రోజూ గలత్ రాస్తున్నారా? పక్కా?"

"నేను దిద్దినవన్నీ దాచి ఉంచాను. వచ్చి చూడు."

కూతురు వచ్చింది. అక్షరాలు తెలియకపోయినా ఎరుపు తెలుస్తుంది కదా. కాగితాలు తిరగేస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"డాక్టర్ కూడా ఇదే మాటంటే నాన్నని నాతో తీసుకుపోతానమ్మా. నువ్వు ఒక్కదానివీ సంభాళించలేవు. కొట్టు చూసుకో నువ్వు."

తులసమ్మ కూతురి చేతిలోంచి కాగితాలు లాక్కుంది. తక్కెడలో ఒక సిబ్బి తీసేస్తే రెండోది ఎక్కడ నిలుస్తుంది? రోగం ఒకెత్తు, ఈ మాట ఒకెత్తు.

వింతేమిటంటే నరసింగరావు దేనికీ అడ్డు చెప్పలేదు.

"దుర్గ్‌లో ఛాయ అని డాక్టరుంది. మనవాళ్ళమ్మాయే," అన్నాడు నెమ్మదిగా. "గురువారానికి నేనే ఫోన్లో పేరు రాయించాను."

తన రోగం తనకే తెలిసిపోయినట్టుంది, అనుకుంది తులసమ్మ. చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

గురువారం పొద్దున్నే సంచిలో నలభై ఒక్క రోజుల కాగితాలు సర్దింది. బేరానికి వెళ్ళేవాళ్ళు ముందు సరుకు చూపించాలి, మాటలు తర్వాత. డాక్టరుకి తెలుగు చదవడం వచ్చో రాదో కూడా కనుక్కుంది. విజయనగరంలో చదువుకుందట. వచ్చు.

డాక్టరు గదిలో ముగ్గురూ కూర్చున్నారు. తులసమ్మ కాగితాలు బల్ల మీద పెట్టింది.

"చూడమ్మా, ఒక్కటీ ఒప్పు లేదు. అలాగని మనిషి మంచాన పడలేదు. తింటున్నారు, తిరుగుతున్నారు. నా చేతులతో నేను చూసుకోగలను. రాయ్‌పూర్ పంపెయ్యమని మాత్రం రాయకు తల్లీ."

నరసింగరావు కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. కృష్ణప్రియ తండ్రి వీపు మీద చెయ్యి వేసింది.

డాక్టరు మొదటి కాగితం చదివింది. రెండోది చదివింది. మూడోదీ, నాలుగోదీ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

ఐదో కాగితం దగ్గర ఆగి, పేజీ కింది మూల మీద వేలు పెట్టి, కుర్చీని నరసింగరావు వైపు నుంచి తులసమ్మ వైపు తిప్పుకుని మెల్లగా అడిగింది: "ఇవి ముందురోజు గళ్ళ జవాబులు కదమ్మా, రోజూ వీటితోనేనా మీరు దిద్దుతున్నారు?"