బయటి నిపుణుడు

“వెనక నీళ్ల క్యాను ఉంది సార్, చూసుకోండి,” అంది ఆరోగ్య వార్తల రిపోర్టరు.

న్యూస్ ఎడిటరు వింటేగా. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయి క్యానుని ఢీకొట్టాకే ఆగాడు. ప్యాంటు తడిసి ముద్దయినా మనిషి మాత్రం మహా హుషారుగా ఉన్నాడు. మధ్యాహ్నం ఒక పెద్ద పరిశోధన సంస్థ నుంచి ప్రకటన వచ్చింది. రోజూ కాసేపు వెనక్కి నడిస్తే మతిమరుపు మటుమాయం అవుతుందట. అప్పట్నుంచీ ఆఫీసులో సగంమంది ఎదురుగా వీపు పెట్టుకునే తిరుగుతున్నారు.

“మొదటి పేజీ, పైన, నీ పేరుతో,” అన్నాడు ఎడిటరు. “కాకపోతే మన రూలు తెలుసుగా. ఆ సంస్థతో సంబంధం లేని బయటి నిపుణుడి మాట ఒకటి పడాలి. ఆరులోపల దొరక్కపోతే నీ వార్త తొమ్మిదో పేజీకే.”

ఆ రూలు ఊరికే రాలేదు. ఒకప్పుడు జుట్టు ఊడకుండా చేసే నూనె గురించి ఓ నిపుణుడు ఆహా ఓహో అంటే పత్రిక కళ్లకద్దుకుని అచ్చేసింది. తీరా చూస్తే ఆయన నూనె కంపెనీ యజమానికి స్వయానా బావమరిది. పాఠకులు పెట్టిన చీవాట్లు ఎడిటరుకి ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తే. అవి గుర్తుండటానికి ఏ వెనక నడకా అక్కర్లేదు.

ఇక తొమ్మిదో పేజీ అంటే రాశిఫలాల కింద మిగిలిన జాగా. ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ పాపం ఆమె రాతలన్నీ అక్కడే మగ్గుతున్నాయి. ‘ఇవాళేం రాశావే’ అని అడగడం వాళ్లమ్మ ఎప్పుడో మానేసింది. ఒక్కసారి మొదటి పేజీలో తన పేరు అమ్మకి చూపించాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

ఫోన్ అందుకుంది. మొదటి నిపుణుడు మీటింగులో ఉన్నాడు. రెండో ఆయన, “ఒక పరిశోధన గురించండీ...” అనీ అనకముందే, “బ్రహ్మాండం, రాసుకోండి,” అన్నాడు. ఏ పరిశోధనో అడగనైనా లేదు. ఊరి చివర కాలేజీలో మెదడు గురించి పాఠాలు చెప్పే ప్రొఫెసరు ఒకాయన ఉన్నాడని డెస్కులో ఎవరో నంబరిచ్చారు. ఆయనకి ఫోన్ చేసి విషయం చెప్పింది.

“ఓ, ఆ పరిశోధన గురించా అమ్మా? ముందుగా మీకో సంగతి...”

“టైం లేదండీ, సంగతులు తర్వాత. మీరు ఆ సంస్థలో పనిచెయ్యడం లేదుగా?”

“లేదు. ఈ మధ్యే ఈ కాలేజీకి వచ్చాను. కానీ...”

“అంతే చాలండీ. పరిశోధన ఎలా ఉందో చెప్పండి.”

అవతల చిన్న నిట్టూర్పు వినిపించింది. “పేకమేడ. ఉఫ్ అంటే పడిపోతుంది.”

ఆమె చేతిలో పెన్ను ఆగింది. “అదేంటండీ, వెనక్కి నడిచినవాళ్లకి జ్ఞాపకశక్తి పెరిగిందన్నారుగా?”

“కుర్చీల్లో కూర్చున్నవాళ్లకంటే పెరిగింది. మామూలుగా ముందుకు నడిచేవాళ్లతో పోల్చి చూడలేదు. ఏ దిక్కుకి నడిచినా అంతే మేలు జరిగేదేమో, ఎవడికి తెలుసు? పైగా నడకకి ముందూ తర్వాతా అవే మాటలు ఇచ్చి గుర్తున్నాయా అని అడిగారు. రెండోసారి ఎవరైనా బాగానే చెప్తారు కదమ్మా.”

“ఇవేవీ ప్రకటనలో లేవండీ.”

“ఎందుకుంటాయి? వెనక్కి నడుస్తూ పార్కు గుంటలో పడ్డవాళ్లని లెక్కలోంచి తీసేశారని కూడా ఉండదు. పూర్తి పరిశోధనా పత్రంలో చివర్న సన్నక్షరాల్లో ఉంటుంది. మీరు చదివారా?”

“చదువుతున్నానండీ,” అంది. పత్రం ఇంకా తెరవనేలేదు. సిగ్గేసింది.

“ఒక్క క్షణం లైన్లో ఉండండి,” అని ఫోన్ బల్లమీద పెట్టి, ఎడిటరు దగ్గరికి పరిగెత్తి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన గుంటలో పడ్డవాళ్ల మాట వినగానే కుర్చీలో కూలబడ్డాడు. ఇక అక్కణ్ణుంచి అడుగు కదపలేదు.

“మరీ ఇంత కసిగా తిడుతున్నాడంటే పాత తగాదా ఏదో ఉండి ఉంటుంది. బావమరిది పొగిడినా చిక్కే, పగవాడు తిట్టినా చిక్కే. కక్ష ఉందని తేలిందా, ఆ మాట వెయ్యం. పరిశోధన చేసినవాడే వచ్చి తప్పు ఒప్పుకుంటే చెప్పు, మొదటి పేజీ మొత్తం రాసిచ్చేస్తాను,” అన్నాడు వెటకారంగా.

ఆమె ఉసూరుమంటూ వచ్చి మళ్లీ ఫోన్ తీసుకుంది. “ఏమీ అనుకోకండి సార్, అడగక తప్పదు. ఆ పరిశోధన చేసినాయనకీ మీకూ ఏమైనా గొడవలున్నాయా?”

“గొడవలా? మూడేళ్లుగా రాత్రీ పగలూ అవేనమ్మా. తొందరపడకు, ఇంకోసారి సరిచూసుకో అంటూనే ఉన్నాను. వింటేనా? పేరు పిచ్చి.”

అయిపోయింది. నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలైంది. ఎడిటరు గోడ గడియారం కేసి వేలు చూపిస్తున్నాడు. రాశిఫలాల కింద మిగిలిన జాగా ఆమె కళ్లముందు కనబడింది. అయినా పట్టు వదల్లేదు. “పోనీ ఆయన నంబరన్నా ఇవ్వండి సార్. ఆయన ఏమంటాడో కూడా అడుగుతాను.”

ప్రొఫెసరు నవ్వాడు.

“ఇందాకట్నుంచీ చెప్పనిస్తే కదమ్మా, ఆ పరిశోధన చేసింది నేనే.”