ప్రభాకర్ ఫోల్డర్

“నా నౌకరీ మీ వల్లనే పోయింది సార్. మీరు, మీ కాలేజీ కలిసి మమ్మల్ని ముంచిన్రు.”

మేడ్చల్ రోడ్డులోని ఆ కాలేజీ ల్యాబులోకి యమున ఇంటర్వ్యూ బట్టల్లోనే వచ్చింది. వెంట స్నేహితురాలు ఆఫ్షీన్ ఉంది. జూనియర్లకు సి భాషలో ప్రోగ్రాం రాయిస్తున్న సాయినాథ్ సార్ బోర్డు దగ్గర ఆగిపోయాడు.

“ఏమైందమ్మా?”

“ఫైలు తెరిచే ప్రోగ్రాం రాయమన్నరు. మీరు బట్టీ పట్టించిందే రాసిన. డి డ్రైవు, ప్రభాకర్ ఫోల్డర్, మార్కుల ఫైలు. వాళ్ల కంప్యూటర్ల ప్రభాకర్ యాడుంటడు సార్? ఫైలు దొరకలే, ప్రోగ్రాం ఆడనే ఆగిపోయింది. ఇగ పొమ్మన్నరు.”

“ఫైలు ఉండే చోటు, గా పాత్, ఏ కంప్యూటర్‌ది దానికే ఉంటది. మార్చుకోవాలె గద.”

ఆఫ్షీన్ నవ్వింది. “నేను పరీక్షల మార్చిన సార్. బోర్డు మీద ఉన్నట్టు లేదని మీరే సున్నా ఏసిన్రు.”

సార్ బోర్డు వైపు తిరిగి చూశాడు; ఇవాళ రాయిస్తున్నదీ ఆ ప్రభాకర్ ఫోల్డరే.

“గా ప్రభాకర్ ఎవరు సార్?” అంది యమున.

“తెల్వదమ్మా. నేను చదివినప్పుడు మా సార్ గిట్లనే రాయించిండు.”

తెలిసింది దాచుకున్నాడని తిట్టడానికి వచ్చింది యమున. దాచుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

“అయితే బోర్డు తుడువుండ్రి సార్. ఫైలు ఎక్కడుందో కంప్యూటర్ నడిపేటోళ్లనే అడిగే ప్రోగ్రాం ఇప్పుడే రాయాలె. రాకుంటే మాతోని కూసోని నేర్చుకోండ్రి. అది వచ్చేదాక ఈ జూనియర్లకు ఒక్క లైను రాయించొద్దు.”