పద్దెనిమిది నెలల గడువు

పద్దెనిమిదో నెల నిండిన రోజు ఎస్తేరమ్మ చర్చి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో పెద్ద సున్నా చుట్టింది.

కోడలు సాధనకు బరువు తగ్గే ఆపరేషన్ అయినప్పుడే డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఏడాదిన్నర దాకా కడుపు రాకూడదు. తినేది పిడికెడే కాబట్టి ఒంట్లో సత్తువ ఉండదు, తల్లికీ బిడ్డకీ ప్రమాదం. కడుపు రాకుండా బిళ్లలు కూడా రాసిచ్చింది.

ఎస్తేరమ్మ ఎదురు చెప్పలేదు. ప్రసూతి దవాఖానలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసిన మనిషి. ఊరందరి పిల్లలనూ ఎత్తుకుంది గానీ, కొడుకు ఆనంద్ కుమార్‌కి పెళ్లయి ఏడేళ్లయినా తన ఇంట్లో ఉయ్యాల కట్టలేదు. ఆ దిగులు లోపలే దాచుకుని, ఆపరేషన్ అయ్యాక కోడలికి గంటకోసారి రెండు చెంచాల జావ తనే తాగించింది. నూట పది కిలోల పిల్ల డెబ్బైకి వచ్చింది. ఎల్బీ నగర్ చుట్టాలు గుర్తుపట్టలేక నోరెళ్లబెట్టారు.

గడువు తీరి వారం దాటింది. సాధన ఇంకా బిళ్లల డబ్బా తెరుస్తూనే ఉంది. వారానికి ఏడు గదులున్న డబ్బా. గదికి రెండు పెద్ద శక్తి బిళ్లలు, పక్కనే ఒక చిన్న తెల్ల బిళ్ల, కడుపు రాకుండా ఇన్నాళ్లూ వేసుకున్నవాటి లాగే.

"ఇంకా ఏంది బిడ్డా గివి?"

"డాక్టరమ్మ చెప్పింది అత్తమ్మా. ఇంకో మూడు నెలలు వేసుకోవాల్నంట," అని సిగ్గుపడుతూ లోపలికెళ్లింది సాధన.

ఎస్తేరమ్మ మనసు చివుక్కుమంది. ఇవాళ మూడు నెలలంటుంది, రేపు ఆరంటుంది. కొత్తగా వచ్చిన సన్నని నడుము, బట్టల షాపులో కొత్త ఉద్యోగం. ఇక పిల్లలెందుకు గుర్తొస్తారు? ముప్పై ఏళ్లు వార్డులో ఉన్నదానికి ఏ బిళ్ల ఎందుకో ఒకరు చెప్పాలా? నిలదీద్దామంటే మనసొప్పలేదు. కోడలంటే ప్రాణం మరి.

దిల్‌సుఖ్‌నగర్‌లో హోమియో మందుల షాపు నడిపే భిక్షపతి ఆమెకు పాత పరిచయం.

"మందు చుక్క వెయ్యని చక్కెర బిళ్లలు ఇయ్యి. జర చిన్నగుండాలె."

"మందు లేకుండ ఎవరికమ్మా?"

"మా మనవడికే అనుకో," అంది ఎస్తేరమ్మ నవ్వుతూ.

ప్రతి ఆదివారం సాధన డబ్బా నింపి స్నానానికి వెళ్లేది. ఎస్తేరమ్మ పెద్ద బిళ్లల జోలికి పోకుండా, చిన్నవి ఏడూ తీసి చక్కెర బిళ్లలు పెట్టేది. క్షమించు ప్రభువా అనుకుని చర్చికి బయల్దేరేది.

నాలుగో నెలలో సాధన నెల తప్పింది.

డాక్టరమ్మ కొత్త మందులు రాసింది. చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించి, అందరికీ తన చేత్తో లడ్డూలు పంచింది ఎస్తేరమ్మ. ఇందులో దేవుడి పని సగం, తన పని సగం అని లోలోపల మురిసిపోయింది కూడా.

ఐదో నెల స్కానింగ్‌లో డాక్టరమ్మ తెర వైపు చాలాసేపు చూసింది. ముగ్గురినీ గదిలో కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పింది.

"బిడ్డ తల, వెన్నెముక మూసుకోలేదమ్మా. పుట్టినా బతకదు."

ఆనంద్ తల దించుకున్నాడు. సాధన అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీరు చెప్పినట్టే ఏడాదిన్నర ఆగినం మేడం. ఒక్క పూట మందు మానలే. నేనేం తప్పు చేసిన?"

"నీ తప్పేం లేదు బిడ్డా," అంటూ ఎస్తేరమ్మ ఆమె తలను గుండెకు హత్తుకుంది. ఆ దుఃఖం ఆపడం ఎవరి తరమూ కాలేదు.

డాక్టరమ్మ ఫైలు వెనక్కి తిప్పి, ఒక కాగితం దగ్గర ఆగి, ఎస్తేరమ్మ వైపు చూసి అడిగింది:

"ఇంట్లో ఉండేది మీరే కదమ్మా, పుట్టబోయే బిడ్డ వెన్నెముక సరిగ్గా కుదరాలని, కడుపు రాకముందు మూడు నెలల నుంచే వేసుకోమని నేను రాసిన ఆ చిన్న తెల్ల బిళ్ల, ఈ అమ్మాయి రోజూ వేసుకునేదా?"