గోడ కంత దగ్గర గొప్పలు

రెండు పెరళ్ల మధ్య గోడకి ఒక కంత ఉంది. దానికి ఇటు గండడు, అటు బూరడు. ఇద్దరూ కుక్కలే. పొద్దున లేస్తే తిండి మీదే పోట్లాట.

"మనది వేటాడి తిన్న జాతి బావా. పచ్చిమాంసం తప్ప ఇంకోటి నా నోటికి సయించదు," అనేవాడు గండడు.

"నీ మొహం! అందులో పురుగులుంటాయి. నా ప్యాకెట్ గింజలైతే అన్నీ కొలిచి కలిపినవి. నేను వేరేది ముట్టను," అనేవాడు బూరడు.

గోడ మీద కూర్చుని వినే పిల్లి పిన్ని మాత్రం రోజురోజుకీ చిక్కిపోతోంది. వీధిలో గోడ చివర ఆవిడకి పెట్టే ఎండుచేపల పులుసన్నం, ఆవిడ కునుకు తీసి లేచేసరికి ఉండటం లేదు.

ఒకరోజు ఆవిడ ఆవలించి, "ఈ వాదన నోటితో తేలదు నాయనా. ఒకరి మూతి ఒకరు వాసన చూసుకోండి. మీ కుక్కల పద్ధతి అదేగా?" అంది.

"నాకు జలుబు పిన్నీ," అన్నాడు గండడు.

"నాకూనూ," అన్నాడు బూరడు.

"భయమా?" అంది పిన్ని.

ఇద్దరికీ రోషం వచ్చింది. కంతలో మూతులు కలిశాయి. మాంసం వాసన, గింజల వాసన ఏ మూలో ఉన్నాయి. గుప్పుమన్నది మాత్రం ఎండుచేపల పులుసే.

ఇద్దరూ మూతులు చటుక్కున వెనక్కి లాక్కున్నారు. ఉన్నట్టుండి బూరడు గుర్రుమన్నాడు.

"నేను వెళ్లేసరికి రోజూ అడుగున కాస్తే ఉంటోందేమిటా అనుకున్నాను. నా అన్నం దొంగతనంగా తింటున్నది నువ్వా! చూశావా పిన్నీ, ఈ అన్యాయం?"