పోల్చడానికి ఒక సీసా

“ఆంటీ సీసాల గూడ మీరే ఉమ్మలేదు గదా, అంకుల్?”

శామీర్‌పేట ల్యాబులో పనిచేసే అనం అనే అమ్మాయి ఇంత సూటిగా అడుగుతుందని జనార్ధన్ అనుకోలేదు. “ఛీ ఛీ, గదేం మాట బిడ్డా! నా సీసా నింపెవరకే నా పాణం పోయింది,” అన్నాడు. ఆ మాత్రానికే ఆయాసం వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

“నాది నేనే ఉమ్మిన, ఈయన దవాఖానకు పోయినప్పుడు,” అంది పక్కనే ఉన్న భార్య రాధమ్మ.

మేడ్చల్ దగ్గర ఇనుప సామాన్లు సానబట్టే షెడ్డులో జనార్ధన్‌ది పద్దెనిమిదేళ్ల నౌకరీ. ఇప్పుడు దుమ్ము చేరి ఊపిరితిత్తులు చెడ్డాయి. దుమ్ము షెడ్డుదేనని తేలితే వైద్యం చేయిస్తామంది కంపెనీ. వాళ్లుండే గౌడవెల్లి గాలే అట్లాంటిదైతే తమకు సంబంధం లేదంది. తప్పించుకునేవాడికి సాకులకు కరువా!

అందుకే రెండు సీసాల్లో కఫం తీశారు. ఒకటి జనార్ధన్‌ది. రెండోది పోల్చడానికి, అదే ఇంటి గాలి పీలుస్తూ షెడ్డు గడప తొక్కని రాధమ్మది.

అనం రెండింటినీ ఎండబెట్టి, పొడి చేసి, కరిగిన మైనంలో కలిపింది. మైనం గట్టిపడితే ఇనుప రేణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా ఎక్కడివక్కడ ఉండిపోతాయి. ఆ మైనం బిళ్లలను అయస్కాంతాల మధ్య పెడితే ఇనుము ఎంతుందో యంత్రం చెబుతుంది. దుమ్ము షెడ్డుదే అయితే రాధమ్మది సున్నాకు దగ్గరగా రావాలి. కానీ జనార్ధన్‌దానితో సమానంగా వచ్చింది.

“గట్లయితే గాలిదే తప్పంటరు. ఇగ నా పని ఖతం.” జనార్ధన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“పరేషాన్ గాకుండ్రి. అనుమానమొచ్చి మీ పక్కింటి సత్తమ్మది గూడ తెప్పించి చూసిన. ఆమెదాంట్ల ఇనుమే లేదు. గాలిది తప్పు గాదు.”

“అంటే నాది షెడ్డు దుమ్మే గదా!”

“మీది షెడ్డుదే, కాయితం రాసిస్త. మరి ఆంటీది? ఎన్నడన్న షెడ్డుకు పోయిన్రా ఆంటీ?”

“నేనెందుకు పోత? అది ఎటుదిక్కు ఉంటదో గూడ ఎరుక లేదు.”

“గీమెకేమైతది బిడ్డా, గుండ్రాయి లెక్కుంటది!” జనార్ధన్ నవ్వాడు. బతుకు మీద మళ్లీ ఆశ పుట్టింది ఆయనకు.

అనం నవ్వలేదు. “మరి గా దుమ్ము మీ దాకా ఎట్లొచ్చింది ఆంటీ?”

మొగుడు గెలిచాడని మురిసిపోతున్న రాధమ్మకు అదేమంత పెద్ద ప్రశ్న అనిపించలేదు.

“ఈయన బట్టలు దినాం దులిపి ఉతికేది నేనే గదా!”